తుపాకీ పేలాక మొదలయ్యే రాత్రి

వేట అనగానే మనకి గుర్తొచ్చేది తుపాకీ. పాత సినిమాల్లో జమీందారుగారు జీపెక్కి అడవికి వెళ్తారు. ఢామ్మని పేలుస్తారు. పొద్దుగూకేసరికి మీసం దువ్వుకుంటూ బంగళాకి తిరిగొచ్చేస్తారు. అంతే వేట! కానీ అమెరికాలోని కొలరాడో కొండల్లో నవంబరు చలికి ఎల్క్ వేటకెళ్లేవాళ్లని అడిగి చూడండి. పేల్చేదాకా సరదా, పేల్చాకే అసలు పని అంటారు. వారం రోజుల వేటలో తుపాకీ పేలేది ఒక్కసారి. అదీ పేలితే! మిగిలిందంతా చలితో, చీకటితో, బరువుతో కుస్తీయే. ఆ కుస్తీని దగ్గర్నుంచి చూద్దామనే, తుపాకీ పట్టడం రాకపోయినా ఒక బృందం వెంట నాలుగు రోజులు వెళ్లొచ్చాను.

బృందం అంటే పెద్దదేం కాదు. డెన్వర్‌లో మా పక్కింటి పెద్దాయన, ఆయన కూతురు, నేను. ఆయనకి అరవై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లుగా ఏటా ఆ కొండలకి వెళ్తున్నారు. ఈసారి లైసెన్సు మాత్రం కూతురిది. నా పని వంట, కట్టెలు, మోత.

సంగతి చెప్పగానే ఆత్మకూరులో ఉన్న అమ్మ ఫోన్లోనే కోప్పడింది. నల్లమల అంచునున్న ఊరు కదా, అడవి జంతువులంటే మమకారం ఎక్కువ.

‘‘మూగజీవాన్ని చంపనీకి నువ్వు గూడ పోతావేంరా?’’

‘‘చంపేది నేను కాదుమా, మోసేవాణ్ని.’’

‘‘మోసినా పాపమే!’’ అని ఫోన్ పెట్టేసింది. ఆ మాట నాలుగు రోజులూ నా వెంటే వచ్చింది.

జింకల్లో పెద్దన్న

ఎల్క్ అంటే జింకల కుటుంబంలో పెద్దన్న లాంటిది. మన నల్లమలలో తిరిగే సాంబార్ జింకకి (కణుజు అంటామే, దానికి) దూరపు చుట్టం. ఎదిగిన మగది మూడు వందల కిలోల పైనే తూగుతుంది. ఆడది కూడా రెండు వందల కిలోలు దాటుతుంది. మగవాటి కొమ్ములు ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. అక్కడి ఆదివాసుల్లో షానీ తెగవాళ్లు దీన్ని ‘వాపిటి’ అనేవారు. తెల్లటి పిరుదులున్నది అని అర్థం. మెడ చుట్టూ ముదురు గోధుమ రంగు జూలు, వెనక తెల్లటి మచ్చ... అడవిలో దూరాన్నుంచి ముందు కనిపించేది ఆ మచ్చే.

సెప్టెంబరులో మగవి జతకోసం ఈల వేసినట్టు కూస్తాయి. నవంబరుకి ఆ సందడంతా సద్దుమణుగుతుంది. కొండ మీద మంచు పేరుకునేకొద్దీ మందలు మేత వెతుక్కుంటూ కిందికి దిగుతాయి. అందుకే మనం చలి తగ్గితే బావుణ్నని కోరుకుంటే, అక్కడి వేటగాళ్లు ఇంకా పెరగాలని కోరుకుంటారు. మంచు పడితే మంద కదులుతుంది. కదిలితే మంచులో అడుగులు పడతాయి.

కొలరాడోలో ఇప్పుడు సుమారు మూడు లక్షల ఎల్క్‌లున్నాయి. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. కానీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మాంసం వ్యాపారుల ధాటికి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పక్కనున్న వయోమింగ్ వైపు నుంచి తెచ్చి వదిలితే గానీ మళ్లీ నిలదొక్కుకోలేదు.

చక్రం తిరగని అడవి

డెన్వర్ నుంచి పడమరగా సుమారు 360 కిలోమీటర్లు కారులో వెళ్తే మీకర్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కణ్నుంచి వైట్ రివర్ నది వెంట తూర్పుకి వెళ్తే ఫ్లాట్ టాప్స్ కొండలు. పేరుకి తగ్గట్టే శిఖరాలు సూదిగా ఉండవు. ఎప్పుడో పారిన లావా గడ్డకట్టిన నేల కావడంతో పైన బల్లపరుపుగా, అంచుల్లో నిట్టనిలువు గోడల్లా ఉంటాయి.

ఈ అడవికో కథ ఉంది. 1919లో ట్రాపర్స్ లేక్ అనే సరస్సు చుట్టూ వేసవి విడిదులు కట్టడానికి ప్లాను గీయమని అటవీశాఖ ఆర్థర్ కార్‌హార్ట్ అనే యువకుణ్ని పంపింది. ఆయన అంతా చూసొచ్చి, ఇక్కడ ఏమీ కట్టకుండా వదిలెయ్యడమే మంచిదని సలహా ఇచ్చాడు. పైవాళ్లు విన్నారు! ఆ ఆలోచనే పెరిగి పెద్దదై 1964లో అమెరికా ‘వైల్డర్‌నెస్ చట్టం’ అయింది. 1975లో ఈ కొండల్లో దాదాపు 2 లక్షల 35 వేల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. ఇక్కడ మోటారు బండి నడపకూడదు. సైకిలు కూడా నిషిద్ధమే. మోటారు రంపం వాడకూడదు. కాళ్లు, గుర్రాలు, కంచర గాడిదలు... అంతే.

అంతకు ముందు కథ మాత్రం చేదుగా ఉంటుంది. ఇవి యూట్ అనే ఆదివాసుల వేట కొండలు. వాళ్లని బలవంతంగా వ్యవసాయంలో దింపాలని నేథన్ మీకర్ అనే ప్రభుత్వ ఏజెంటు, వాళ్లు గుర్రపు పందేలాడుకునే పచ్చికని దున్నించాడు. 1879లో తిరుగుబాటు జరిగి మీకర్ చనిపోయాడు. 1881లో యూట్‌లని అక్కణ్నుంచి యూటా వైపు తరిమేశారు. ఊరికి మాత్రం మీకర్ పేరే మిగిలింది. ‘‘మనం వేటాడేది వాళ్ల పెరట్లో, అది గుర్తుపెట్టుకోవాలి’’ అన్నారు పెద్దాయన బండి దిగుతూ.

గూడారానికీ వాస్తు!

కంచర గాడిదల మీద సామానేసుకుని ఎనిమిది కిలోమీటర్లు నడిచాం. మా మకాం 2,900 మీటర్ల ఎత్తున. అంత ఎత్తులో గూడారం ఎక్కడ పడితే అక్కడ వెయ్యడానికి లేదు. దానికీ వాస్తుంది!

మొదటిది... పచ్చిక మైదానం అడుగున వెయ్యకూడదు. చల్లగాలి బరువెక్కువ. రాత్రిపూట నీళ్లలాగే పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. కాస్త పైన, చెట్ల అంచున ఉంటే నాలుగు డిగ్రీలైనా నయం. రెండోది... తలెత్తి చూడాలి. 1940ల్లో బెరడు పురుగు ఈ కొండల్లోని స్ప్రూస్ చెట్లని పెద్దయెత్తున చంపేసింది. ఆ తర్వాత కూడా చాలా చెట్లు నిలువునా ఎండాయి. గాలి వీస్తే అవి చప్పుడు లేకుండా కూలతాయి. అలాంటి చెట్లని, కొమ్మల్ని అక్కడివాళ్లు ‘విడో మేకర్’ అంటారు. తాళి తెంపే కొమ్మన్నమాట.

మాది మందపాటి కాన్వాసు గుడ్డతో కుట్టిన గూడారం. మధ్యలో రేకుతో చేసిన కట్టెల పొయ్యి. దాని గొట్టం పైకప్పులోంచి బయటికి వెళ్తుంది. పొయ్యి రాజుకుంటే లోపల చొక్కాతో కూర్చోవచ్చు. కానీ ఎంత చలేసినా గుడ్డని పూర్తిగా మూసెయ్యరు. గాలాడకపోతే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తెల్లారుజామున మూడింటికి పొయ్యి ఆరిపోతుంది. అరగంటలో లోపలా బయటా ఒకటే చలి. అప్పుడు లేచి కట్టె వేసేవాడే నిజమైన స్నేహితుడని ఆ శిబిరంలో నానుడి.

పడుకునే ముందు చేసే ఏర్పాట్లు చూస్తే నవ్వొస్తుంది. నీళ్లు వడగట్టే ఫిల్టర్, ఫోను, బ్యాటరీలు, రేపటి సాక్సులు అన్నీ స్లీపింగ్ బ్యాగులోకే! ఫిల్టర్ ఒకసారి గడ్డకట్టిందంటే లోపలి గొట్టాలు చిట్లి, ఇక పనికిరాదు. నీళ్ల సీసాని తలకిందులుగా పెడతారు. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కదా, తెల్లారి తిప్పితే మూతవైపు తాగడానికి నీళ్లుంటాయి. నూలు బట్ట ఒంటిమీద ఉండనివ్వరు. చెమటకి తడిసిందంటే ఆరదు, ఒంట్లోని వేడినంతా లాగేస్తుంది. అంతా ఉన్నే. కొండెక్కేటప్పుడు చలేస్తున్నా కోటు విప్పి నడవాలి. చెమట పట్టిందా... ఆగిన క్షణమే వణుకు.

వంట నా శాఖ. ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 90 డిగ్రీలకే మరిగిపోతాయి. కుతకుతా ఉడుకుతున్నట్టే ఉంటుంది గానీ కందిపప్పు మెత్తబడదు. ఇంటినుంచి మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్లబట్టి బతికాం. దాని కూతకి మందలన్నీ పారిపోతాయని పెద్దాయన మొదట గొణిగారు. పప్పన్నంలో ఆవకాయ కలిపి పెట్టాక మళ్లీ ఆ మాటెత్తలేదు. ఆవకాయలో నూనె మాత్రం నెయ్యిలా పేరుకుపోయింది.

మూడుసార్లు దించిన తుపాకీ

అక్కడ వేటంటే తోచినట్టు కాల్చడం కాదు. ఏ ప్రాంతంలో, ఏ రోజుల్లో, మగదాన్నా ఆడదాన్నా... అన్నీ లైసెన్సు మీదే ఉంటాయి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లయితే సాధారణంగా వేట శిక్షణ సర్టిఫికెట్ చూపించాల్సిందే. రైఫిల్ సీజన్లో నడుముకి పైన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు బట్ట, అదే రంగు టోపీ తప్పనిసరి. 2016 నుంచి మెరిసే గులాబీ రంగునీ ఒప్పుకుంటున్నారు. మనుషుల్ని మనుషులు కాల్చుకోకుండా ఈ జాగ్రత్త. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే కాల్చాలి.

ఆ అమ్మాయి లైసెన్సు ఆడ ఎల్క్‌కి. మొదటిరోజంతా అడుగుజాడలే తప్ప జంతువు కనిపించలేదు. రెండోరోజు మూడుసార్లు తుపాకీ ఎత్తి మూడుసార్లూ దించింది. ఒకసారి దూరం ఎక్కువైంది. ఒకసారి గురి పెట్టినదాని వెనకాలే ఇంకోటి నిలబడింది. మూడోసారి పక్కనే పిల్ల ఉంది. తండ్రి ఒక్కమాట అనలేదు.

సాయంత్రం 4.40కి మంద ఒక వాలులో ఆగింది. విడిగా నిలబడ్డదాన్ని చూసి కాల్చింది. సుమారు 180 మీటర్లు. జంతువు ఒక్కసారి వంగి, మందతోపాటే చెట్లలోకి పరిగెత్తింది. వెంటనే వెంటపడకూడదట. తరిమితే గాయంతోనే కిలోమీటర్లు పరిగెడుతుంది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. అరగంట కదలకుండా కూర్చున్నాం. ఈలోగా చీకటి పడింది. మంచు మొదలైంది.

వెళ్లాలా... వద్దా?

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. మంచు ఇలాగే కురిస్తే గంటలో నెత్తుటి చుక్కలూ, అడుగులూ కప్పడిపోతాయి. తెల్లారేదాకా ఆగితే దొరక్కపోవచ్చు. దొరికినా అప్పటికి మాంసం పాడయ్యుంటుంది. చలికాలంలో పాడవడమేమిటి అనుకోకండి. ఎల్క్ చలికాలపు బొచ్చు రెండు పొరల కంబళి లాంటిది. ప్రాణం పోయాక కూడా లోపలి వేడిని బయటికి పోనివ్వదు. తోలు తీసి, ముక్కలు చెయ్యకపోతే తొడ ఎముక దగ్గర కుళ్లు మొదలవుతుంది. ఇంకోవైపు... తెలియని లోయ, చీకటి, మంచు, అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఆ అడవికి కొత్తయిన నేను.

పెద్దాయన కాసేపు ఆలోచించి అన్నారు: ‘‘ఇప్పుడు వెళ్తే మనకి ప్రమాదం. వెళ్లకపోతే దానికి అన్యాయం. రాత్రి ఎనిమిది దాకా వెతుకుదాం. దొరక్కపోతే అక్కణ్నుంచే వెనక్కి. ఒకరికొకరు కనిపించేంత దూరంలోనే నడవాలి.’’ జీపీఎస్‌లో ఆ చోటు గుర్తుపెట్టుకుని తలకి టార్చీలు కట్టుకున్నాం.

ఒక చుక్క దగ్గర నేను నిలబడాలి. వాళ్లిద్దరూ రెండో చుక్క వెతకాలి. దొరికాక నేను అక్కడికి. అలా చుక్కచుక్కకీ ఆగుతూ రెండు గంటల్లో నడిచింది కిలోమీటరు కూడా లేదు. 7.10కి పడిపోయిన ఓ చెట్టు మొదట్లో కనిపించింది. ప్రాణం పోయి చాలాసేపయినట్టుంది. తుపాకీ తూటా భుజం వెనకే తగిలింది. ఆ అమ్మాయి గ్లవ్ తీసి దాని మెడ మీద చెయ్యిపెట్టి కాసేపు అలాగే మోకాళ్ల మీద కూర్చుంది. ఎవరం మాట్లాడలేదు. తర్వాత లేచి, చట్టప్రకారం మొదట చెయ్యాల్సిన పని చేసింది. లైసెన్సుకున్న చీటీ మీద తేదీ వేసి, సంతకం పెట్టి చించింది.

ఇక అక్కణ్నుంచి మూడు గంటలు... నేను చిన్న మంట వేసి, టార్చి పట్టుకున్నాను. వాళ్లు పొట్ట చీల్చి పేగులు తీశారు. తోలు ఒలిచారు. రెండు తొడలు, రెండు జబ్బలు, వెన్ను పక్క కండ, మెడ మాంసం వేరుచేసి గుడ్డ సంచుల్లో వేశారు. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేస్తే అక్కడ నేరం. తొమ్మిదింటికి మంచు ఆగి ఆకాశం తేటపడింది. చుక్కలు బయటపడగానే చలి రెట్టింపైంది. థర్మామీటరు మైనస్ 19 చూపించింది. ఆ అమ్మాయికి తడిసిన వేళ్లు స్పర్శ కోల్పోయాయి. కత్తి రెండుసార్లు జారింది. మూడోసారి జారకముందే తండ్రి కత్తి తీసేసుకున్నారు. ఆమె రెండు చేతులూ ఆ జంతువు ఒంట్లోనే, ఇంకా ఆవిరొస్తున్న చోట దాచుకుంది. పది నిమిషాలకి వేళ్లు కదిలాయి. చంపిన జంతువే చేతుల్ని కాపాడింది! ఆ దృశ్యం నేను మరిచిపోలేను.

మొదటి విడతలో తలా ఒక సంచి ఎత్తుకున్నాం. నా వీపు మీద ఒక జబ్బ, పదహారు కిలోలు ఉంటుందేమో. పెద్దాయన అంతకంటే పెద్దది మోశారు. మిగిలినవి ఎలుగులకీ కోయోటీలకీ అందకుండా ఎత్తయిన కొమ్మకి వేలాడదీశాం. శిబిరం చేరేసరికి అర్ధరాత్రి దాటింది. పొయ్యిలో నిప్పు లేదు. వేళ్లు వంగక అగ్గిపుల్ల గియ్యడానికే అయిదు నిమిషాలు పట్టింది. చలికి ఒళ్లు లొంగిపోతోందని తెలిపే మొదటి గుర్తులు ఇవేనట... వేళ్లు మాట వినకపోవడం, మాట ముద్దగా రావడం. అందుకే దారిపొడుగునా పెద్దాయన నాచేత ఏదో ఒకటి మాట్లాడిస్తూనే ఉన్నారు. ఆ మాటల్లోనే ఆత్మకూరు సంతలన్నీ ఆయనకి తెలిసిపోయాయి! తెల్లారాక కంచర గాడిదలతో వెళ్లి మిగిలిన సంచులు తెచ్చాం.

అమ్మ అడిగిన ప్రశ్న

మరి పాపం సంగతి? మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముగిసిన కథ. మన అడవుల్లో మిగిలిన జంతువులకి అదే సరైన దారి. అక్కడ లెక్క వేరు. వేట లైసెన్సుల డబ్బే రాష్ట్ర వన్యప్రాణి విభాగానికి పెద్ద ఆధారం. 1937లో చేసిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్ల మీద, తూటాల మీద 11 శాతం పన్ను అడవి జంతువుల పునరుద్ధరణకి వెళ్తుంది. తోడేళ్లు దాదాపు కనుమరుగైన ఆ రాష్ట్రంలో జనం 2020లో ఓటేసి, 2023 డిసెంబరులో మళ్లీ తెచ్చి వదిలారు. ఎల్క్‌లని అదుపులో ఉంచేది ఇన్నాళ్లూ చాలావరకు వేటగాళ్లే.

అయినా ఈ లెక్కలేవీ అమ్మ ప్రశ్నకి పూర్తి జవాబు కావు. కొమ్ముల కోసమే వెళ్లేవాళ్లు అక్కడా ఉన్నారు. గురితప్పి గాయపరిచి వదిలేసేవాళ్లూ ఉన్నారు. నాకు తెలిసిందొక్కటే. మనలో చాలామంది ఆదివారం మటన్ కొట్టు ముందు నిలబడి ‘మెత్తటి ముక్కలు కొట్టవయ్యా’ అని అటు తిరిగి ఫోను చూసుకుంటాం. ఆ అమ్మాయి అటు తిరగలేదు. తను తినబోయేదాన్ని చీకట్లో వెతికింది, చేతులు కొరికే చలిలో కోసింది, వీపున మోసింది. పాపమో పుణ్యమో గానీ, అందులో బాధ్యత ఉంది.

ఊరికొచ్చాక కూడా పని మిగిలే ఉంది. జింక జాతుల్లో ‘క్రానిక్ వేస్టింగ్ డిసీజ్’ అనే మెదడు జబ్బుంది. మొదట గుర్తించింది కొలరాడోలోనే, 1967లో. మనుషులకి సోకిన దాఖలా లేదు గానీ, జబ్బున్న జంతువు మాంసం తినొద్దంటారు. అందుకే నమూనా పరీక్షకిచ్చి, ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోనే ఉంచారు. జబ్బు లేదని తేలాక సుమారు డెబ్భై కిలోల మాంసంలో మూడోవంతు వీధిలో పంచేశారు. అమ్మకి ఫోన్లో అంతా చెప్పాను. చాలాసేపు విని, ‘‘ఆ పాప వేళ్లు బాగయినాయా?’’ అని అడిగింది. అంతే!

తుపాకీ లేకుండా చూడాలంటే...

పిల్లల దగ్గరికి డెన్వర్ వెళ్లే అమ్మానాన్నలు ఇప్పుడు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వెళ్తే ఎల్క్‌ని చూడ్డానికి మంచులో పడుకోనక్కర్లేదు. డెన్వర్‌కి సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఎస్టెస్ పార్క్ అనే ఊరుంది. పక్కనే రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్. అందులో వేట నిషిద్ధం. 1913, 1914ల్లో ఎల్లోస్టోన్ నుంచి తెచ్చి వదిలిన ఎల్క్‌ల సంతతి ఇప్పుడు ఊరి వీధుల్లో కూడా దర్జాగా తిరుగుతుంటుంది. సాయంత్రం పచ్చికల పక్కన బండి ఆపుకుని కూర్చుంటే మగవాటి కూత వినిపిస్తుంది. అంత పెద్ద జంతువు గొంతులోంచి అంత సన్నటి ఈల వస్తుందంటే చెవుల్ని నమ్మలేం. కనీసం 75 అడుగుల దూరంలో ఉండాలి. ఫొటో కోసం దగ్గరికెళ్తే కొమ్ములతో పొడుస్తాయి.

పొద్దుగూకగానే అక్కడా చలి మొదలవుతుంది. కాబట్టి పెట్టె సర్దుకునేటప్పుడు ఒక్కమాట గుర్తుపెట్టుకోండి. నూలుది కాదు, ఉన్ని స్వెట్టరే పట్టుకెళ్లండి!